ద్రాక్షాకు చుట్టిన మంగవ్వ

లింగంపేటలో మంగవ్వ చేతి సంగతి తెలియని ఇల్లు లేదు. ఆ చెయ్యి ఏది కట్టినా వదులుగానే కడుతుంది. కూతురి జడ అల్లి బడికి పంపిన రోజుల్లో, పిల్ల గేటు దాటేలోగా జడ విప్పుకొని గాలితో ఆటలకు పోయేది. బర్రెను గుంజకు కడితే, అది తాడు ఈడ్చుకుంటూ ఎల్లారెడ్డి రోడ్డు మీద షికారుకు బయలుదేరేది. బంతిపూల దండ గుచ్చితే పూలు ఒకదానికొకటి అలిగి ఎడంగా కూర్చునేవి.

ఇలాంటి చేతితో ఆమె ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. భిక్నూర్ నుంచి కోడలై వచ్చిన మూడో రోజే అత్త ఆమె ఒళ్లో చాట పెట్టింది. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. ఆ వాడలో ఆడవాళ్లందరికీ అదే పని. సాయంత్రం అందరూ కట్టలు పట్టుకొని బీడీల షెడ్డుకు పోయేవాళ్లు. అక్కడ బీడీల మంచిచెడ్డలు చూసే చెకర్, మంగవ్వ కట్టలోంచి ఒకటి తీసి, చెవి దగ్గర ఆడించి, తంబాకు జలజలా రాలగానే పకపకా నవ్వేవాడు.

"మంగవ్వా, గిది తాగితె పొగ కంటె గాలే ఎక్కువొస్తది."

సగం బీడీలు పక్కన పడేసేవాడు. వాడవాళ్లు ఆమెకు 'ఢీలచేతి మంగవ్వ' అని పేరు పెట్టారు. పిలిచిన వాళ్లతో కలిసి మంగవ్వ కూడా నవ్వేది. కానీ ఇంటికి పోయే తొవ్వలో తన చేతిని ఒకసారి తిప్పి చూసుకునేది. ఇన్నేళ్లలో ఆమె అడిగింది ఒకటే. ఈ చేతిలోంచి వచ్చినదాన్ని ఒక్కసారైనా ఎవరూ పక్కన పడేయకూడదు.

ఇక పక్కింటి అబ్రాహాము. కువైట్‌లో ఒక ఇంట్లో పద్నాలుగేళ్లు కారు నడిపి, వస్తూ వస్తూ ఒక రుచిని నాలుక మీద తెచ్చుకున్నాడు. ఆ ఇంటి ముసలామె ద్రాక్షాకులో బియ్యం పెట్టి చుట్టి, పుల్లగా ఉడికించి, వంటగది గడపలో ఆయనకూ ఒక పళ్లెం పెట్టేదట. ఆ ఆకు కోసమే ఆయన ఇంటి దాబా మీద ద్రాక్ష పందిరి వేశాడు. పండ్లు పిట్టలకు, ఆకులు తనకు. మూడేళ్లకు పందిరి పచ్చగా పొంగి, పిట్టగోడ దాటి మంగవ్వ ఇంట్లోకి తొంగిచూసింది.

ఆ శనివారం అబ్రాహాము కొడుకు సునీల్‌కుమార్‌కు సంబంధం ఖాయం చేసుకోవడానికి బీర్కూర్ నుంచి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. "మీరు జన్మల తినని కూర పెడ్త" అని అబ్రాహాము ఫోన్‌లో మాటిచ్చేశాడు. ఆరు వందల ఆకులు చుట్టాలి. ఆయన భార్య సాలవ్వకు అదొక లెక్కా! వాడలో ఆమెను మించి బీడీ చుట్టే వేళ్లు లేవు. పొద్దున్నే తనలాంటి గట్టిచేతి వాళ్లను అయిదుగురిని పిలిచి, పందిరి కింద చాప పరిచింది. మంగవ్వను పిలవలేదు.

గోడ అవతల నవ్వులు వినబడుతుంటే మంగవ్వకు ఇంట్లో కాలు నిలవలేదు. చీర కొంగు దోపుకొని పిలవకుండానే వచ్చేసింది.

"వచ్చినవా? మంచిదాయె. నువ్వు ఆకు కడుగు. చుట్టుడు మేం జూస్కుంటం" అంది సాలవ్వ.

"నేను గూడ చుడ్త వదినె."

"నువ్వు చుడితె బియ్యం తొవ్వపొంటి రాల్తయే! బీర్కూరోళ్లు ఏరుకుంట రావాలె."

చాప మీద ఆరుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మంగవ్వా నవ్వింది. నవ్వుతూనే ఆ వరుస వైపు చూసింది. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు, సూది దూరే సందు కూడా లేదు. ఆమె వెళ్లి నీళ్ల గోలెం దగ్గర కూర్చుంది.

వేడి ఉప్పు నీళ్లలో ముంచగానే ద్రాక్షాకు పచ్చదనం మార్చుకొని మెత్తబడుతుంది. తునికాకులా కత్తెరను చూసి బిగుసుకోదు. అరచేతిలో వేస్తే అరచేతి గీతలన్నీ ఆకు గీతలతో కలిసి, ఏది తనదో ఏది చెట్టుదో తెలియకుండా పోతుంది. మంగవ్వకు ఒళ్లంతా చక్కిలిగింతలయ్యాయి. పక్కనే బేసినులో నానిన బియ్యం, ఉల్లిగడ్డ, టమాట, పుదీనా, నిమ్మరసం కలిపి ఉన్నాయి. ఎవరూ చూడకుండా పిడికెడు తీసుకుంది. ఒక ఆకు చుట్టింది. ఇంకొకటి చుట్టింది. పన్నెండయ్యాయి. ఉడికించే గిన్నె దగ్గరికి నీళ్లు తెచ్చే వంకతో పోయి, వాటిని అంచు వెంట పేర్చి వచ్చింది. పెళ్లింట్లో లడ్డూ దొంగిలించిన పిల్లలా గుండె కొట్టుకుంది.

చాప మీద మాత్రం బీడీల కార్ఖానాయే నడుస్తోంది. సన్నగా, బిగువుగా, మొనలు గోటితో లోపలికి నొక్కి, క్షణానికొకటి. వాళ్లలో పద్మలత అయితే అలవాటు కొద్దీ ఇరవై అయిదింటిని ఒక కట్టగా దారంతో కట్టేసింది కూడా.

అబ్రాహాము నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో, దారమెందుకే తల్లీ! మా వియ్యంకుడు అగ్గిపెట్టె తీస్తడు!"

సగం ఆకులతో గిన్నె నిండింది. పైన పళ్లెం బోర్లించి, దాని మీద రోలుబండ పెట్టి పొయ్యి మీదికి ఎక్కించారు. పుదీనా వాసన వాడంతా తిరిగి అందరినీ పలకరించి వచ్చింది. గంట తర్వాత అబ్రాహాము మూత తీశాడు.

లోపల ఆకులన్నీ నోళ్లు తెరిచి ఉన్నాయి. బియ్యం ఉబ్బి, జాగా దొరక్క, ఆకులను చీల్చుకొని బయటికొచ్చింది. గిన్నె నిండా పచ్చని చీలికలు కలిసిన జావ.

"ఏంది గిది?" అన్నాడు అబ్రాహాము. పందిరి మీద పనికొచ్చే ఆకులు ఇక లేవు. కడిగి పెట్టిన మూడు వందలే మిగిలాయి. బీర్కూర్ వాళ్లు బయలుదేరామని అప్పుడే ఫోన్ చేశారు.

ఆయన గరిటె పెట్టి కలియబెట్టాడు. అంచు దగ్గర ఏదో తగిలింది. తీశాడు. బొద్దుగా, నున్నగా, బొటనవేలంత ఆకుచుట్ట. చిన్న చీలిక కూడా లేదు. ఇంకొకటి దొరికింది. మొత్తం పన్నెండు. నోట్లో ఒకటి వేసుకొని కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లొచ్చాయి, వేడికో, కువైట్ వంటగది గడప గుర్తుకొచ్చో.

"గిదేనే! గిట్లనే ఉండేది! ఎవరు చుట్టిన్రు గివి?"

"నేనే. ఇంకెవరు?" అంది సాలవ్వ, చీర సర్దుకుంటూ.

"ఏదీ, నా ముంగట ఇంకొకటి చుట్టు."

సాలవ్వ చుట్టింది. మేకులా గట్టిగా వచ్చింది. అబ్రాహాము దాన్ని వేలితో నొక్కి తల అడ్డంగా ఊపాడు. పద్మలత చుట్టింది. అదీ మేకే. అయిదుగురూ అయ్యారు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

గోలెం దగ్గర మంగవ్వ నీళ్లలో చేతులు పెట్టుకొని కూర్చుంది. చెప్తే, వద్దన్న పని చేసిందని తిడతారు. చెప్పకపోతే ఆ పన్నెండూ ఎవరివీ కాకుండా పోతాయి. ముప్పై ఏళ్లలో మొదటిసారి నిలిచినవి.

"అయి నావే అన్నా" అంది. గొంతు తనకే వినబడలేదు. ఇంకోసారి గట్టిగా అంది, "నావే! నేనే దొంగతనంగ చుట్టిన! బియ్యం ఉబ్బుతది గద, దానికి జర ఊపిరి తీసుకునే జాగ ఇడిసిన. ఇడువద్దన్నా నా చెయ్యి ఇడుస్తది, నేనేం జెయ్యాలె!"

పద్మలత ముందు ఫక్కుమంది. ఆ వెనుక అందరూ. అబ్రాహాము మంగవ్వ రెండు తడి చేతులూ పట్టుకొని ఊపేశాడు. సాలవ్వ మాత్రం నవ్వలేదు. మూతి ముడుచుకుంది. తర్వాత పక్కనున్నామెను మోచేత్తో పొడిచింది.

"జరుగుండ్రి. మంగవ్వ కూసుంటది."

అయిదుగురూ జరిగారు. నడిమధ్యలో జాగా అయింది. మంగవ్వ చేతులు తుడుచుకొని ఆ జాగాలో కూర్చుంది. అటు మోకాలు తగిలింది, ఇటు మోకాలు తగిలింది. ఆమెకు పందిరి గిర్రున తిరిగినట్టయింది.

"నాకు గూడ నేర్పు మరి" అంది సాలవ్వ, మొహం అటు తిప్పుకొని.

నేర్పడం అంత తేలికేం కాలేదు. నలభై ఏళ్లుగా బిగించడమే తెలిసిన వేళ్లు అవి. వదలమంటే ఆకును కింద పడేస్తున్నాయి, పట్టుకోమంటే పీక నులుముతున్నాయి. మంగవ్వ సాలవ్వ వేళ్లను తన వేళ్లతో కప్పింది.

"ఊపిరి బిగబట్టకు వదినె. నిద్రవోతున్న పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో. ఆఁ, గట్ల. లేపకు, లేపకు..."

"నాకు నవ్వొస్తున్నదే!"

"నవ్వు. నవ్వినప్పుడే చెయ్యి వదులైతది."

నిజంగానే అయింది. సాలవ్వ నవ్వుతుంటే ఆమె చేతిలో ఒక ఆకు మెత్తగా, బొద్దుగా చుట్టుకుంది. దాంతో అందరూ కావాలని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగిన చోట ఆకులు బిగుసుకుంటున్నాయి, నవ్విన చోట వదులవుతున్నాయి. అబ్రాహాము వాళ్లను నవ్వించడానికి కువైట్‌లో తాను ఒంటెకు దారి ఇవ్వక ట్రాఫిక్ పోలీసు చేత తిట్లు తిన్న కథ మూడుసార్లు చెప్పాడు.

రెండో గిన్నె పొయ్యి మీద ఉడికి దిగింది. మూత తీస్తే అన్నీ కళ్లు మూసుకొని హాయిగా పడుకొని ఉన్నాయి. ఒక్కటీ విచ్చుకోలేదు. బొద్దు చుట్టలన్నీ ఒక గిన్నెలో పట్టక, మూడో గిన్నెకు ఇంకా చుడుతుండగానే సందు మొగన జీపు హారన్ మోగింది.

సాలవ్వ లేచి నిలబడిపోయింది. అబ్రాహాము అంగీ గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. "అచ్చిన్రు! ఎంతసేపు పడ్తదే చెల్లె?"

అందరూ మంగవ్వ వైపు చూశారు. ఆమె చాప మీద మిగిలిన ఆకుల వైపు చూసింది.

"ఇంక నలభై ఉన్నయి అన్నా. మల్ల ఉడకాలె. చాయ్ పోసి కూసోబెట్టుండ్రి."

"ఆగుతరంటవా?"

"ఆగుతరు" అంది మంగవ్వ.

బీర్కూర్ వాళ్లు ఆగారు. రెండేసి చాయ్‌లు తాగి, పుదీనా వాసనకు మెడలు సాచి, పందిరి కింద నవ్వులెందుకని ఒకరినొకరు అడుగుతూ ఆగారు. మంగవ్వ తొందరపడలేదు. ఒక్కొక్క ఆకునూ అరచేతిలో పరిచి, తీరిగ్గా చుట్టింది.