అరవై అంగుళాల ఆకాశం

ఆ వీధిలో దర్జీ షాపు నడిపే ఆవిడని ఇంట్లోవాళ్ళంతా బొంగరం అంటారు. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య పెట్టిన పేరు. నలభై దాటినా ఆ పేరు వదల్లేదు, ఆ తీరూ వదల్లేదు. చొక్కా చెయ్యి కుడుతూ కుడుతూ సగంలో లేచిపోతుంది. గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి చూస్తుంది. వెనక్కొచ్చి కత్తెర అందుకుని, ఎందుకు అందుకుందో మర్చిపోయి, కాలర్ గట్టిగా నిలవడానికి వేసే బక్రం గుడ్డ చుట్టడం మొదలెడుతుంది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోదు. దర్జీలంతా మోటారు మెషీన్లకి మారిపోయినా ఆవిడ కాలితో తొక్కేదే ఉంచుకుంది. మోటారు పెడితే కాళ్ళు ఖాళీగా ఉంటాయి. ఖాళీ కాళ్ళని ఏం చేసుకోవాలో ఆవిడకి తెలీదు.

అదే షాపులో ఇస్త్రీ, కాజాలు, బొత్తాలు వాళ్ళాయన పని. ఇస్త్రీ బల్ల వెనక నిలబడ్డాడంటే పొద్దు గూకేదాకా అక్కణ్ణుంచి కదలడు.

"ఈ గదిలో నువ్వు తిరిగిన తిరుగుడంతా ఒక దిక్కుకే తిరిగుంటే ఈపాటికి సముద్రం తగిలేది" అంటాడు, తలెత్తకుండా.

"తగిలితే నీకు కబురు పెడతాలే" అంటుందావిడ, మళ్ళీ లేస్తూ.

ఆవిడ కాళ్ళు ఆగే చోటు ఒకటే ఉంది. అది మూడంతస్తుల పైన, డాబా మీద. అక్కడ పాత దుప్పటి కప్పి ఒక టెలిస్కోపు ఉంటుంది. అన్నయ్యది. ఆయన కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఏళ్ళ తరబడి ఆదివారాలు కూర్చుని ఒక గాజు బిళ్ళని చేత్తో అరగదీశాడు, దాన్ని గొట్టంలో బిగించాడు, గొట్టాన్ని చెక్కపెట్టెలో ఆనించాడు. పెట్టె గిర్రున తిరగడానికి కింద గుండ్రటి చెక్కబిళ్ళలు రెండు వేశాడు. తీరా ఆయన మారిన ఇంటికి డాబా లేదు. అందుకని చెల్లెలి డాబా మీదికి చేర్చాడు.

ఒక సాయంత్రం చంద్రుణ్ణి చూస్తూ వంగి ఉన్నప్పుడు ఆవిడ తన కాళ్ళవంక చూసుకుంది. రెండూ నేలకి ఆనుకుని, ఎవరివో అన్నట్టు, ఊరికే ఉన్నాయి. అది ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. అప్పట్నుంచి మబ్బు లేని ప్రతి సాయంత్రమూ మెట్లెక్కుతోంది.

ఆ ఆదివారం అన్నయ్య వచ్చి, దుప్పటి తీయబోతూ, దాని మీద ఆరేసిన తువ్వాలు చూశాడు.

"దండెం బావుంది" అన్నాడు.

"గాలికి ఎగిరొచ్చి పడిందన్నయ్యా."

"ఈ టెలిస్కోపుని బడికి ఇచ్చేద్దామనుకుంటున్నానే. హెడ్ మిస్ట్రెస్ అడుగుతోంది. పిల్లలు చూస్తారు."

ఆవిడ తువ్వాలు లాక్కుంది. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"నేను చూడట్లేదా?"

"నువ్వు చంద్రుడు తప్ప ఏం చూశావే? చంద్రుణ్ణి ఉయ్యాల్లో పిల్లాడు కూడా పట్టుకుంటాడు. ఇంకేదైనా వెతికి పట్టాలంటే ఓపిక కావాలి. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి, మెల్లిగా పోవాలి. నువ్వు రెండో చుక్క దగ్గరే లేచిపోతావు."

అది నిజమే. అందుకే ఒళ్ళు మండింది.

"ఈ రోజుల్లో బుధుడు కనిపిస్తున్నాడన్నావుగా. బుధుణ్ణి చూపిస్తాను."

అన్నయ్య నవ్వాడు. "బుధుణ్ణా? నేనే ఇంతవరకు ఈ గొట్టంలో పట్టలేదే తల్లీ. పొద్దుగూకిన వెంటనే పడమటి దిక్కున అలా తొంగిచూసి దిగిపోతాడు. చీకటి పడదు, దారి చూపడానికి చుక్కలుండవు. చుక్కలొచ్చేసరికి వాడు ఇళ్ళ వెనక."

"చూపిస్తే?"

"చూపిస్తే ఇది నీదే. శనివారం సాయంత్రం వ్యాను తెస్తాను. ఈలోపు నీ ఇష్టం." మెట్ల గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "సూర్యుడు పూర్తిగా దిగాకే గొట్టంలో కన్ను పెట్టు. అది మాత్రం మర్చిపోకు."

ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదు. మంచం మీద అటు పొర్లి, ఇటు పొర్లి, లేచి మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి పడుకుంది.

"బుధుడు ఇప్పుడు మంచం కింద లేడు. పడుకో" అన్నాడు వాళ్ళాయన గోడవైపు తిరిగి.

చుక్కలు లేకపోతే దేన్ని పట్టుకుని పోవాలి? ఫోనులో ఆకాశం చూపించే యాప్ ఉంది. ఏది ఏ దిక్కున ఎన్ని డిగ్రీల్లో ఉందో, ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. చెబితే మాత్రం? గొట్టం మీద అంకెలు లేవు కదా. గుడ్డ మీద కొలత వెయ్యకుండా కత్తెర పెట్టినట్టే. అలా అనుకోగానే లేచి కూర్చుంది. చుట్టూ మూడువందల అరవై డిగ్రీలు. తన టేపు అరవై అంగుళాలు. అంగుళానికి ఆరు డిగ్రీలు.

సోమవారం పొద్దున్న ఒక బ్యాంకు క్లర్కు వచ్చి కోటుకి కొలతలిచ్చాడు. ఆయన మెట్లు దిగాడో లేదో ఆవిడ మెడలో టేపు తీసి డాబా ఎక్కింది. పాత టేపది, చేతికి అలవాటైనది, అంకెలు కాస్త మాసినా కళ్ళు మూసుకుని చదవగలదు. దాని మీద నమ్మకం అలాంటిది. షాపుకి కొత్త టేపు విప్పుకుంది.

పెట్టె కింద కదలకుండా ఉండే బిళ్ళ చుట్టూ టేపు చుడితే కొసలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. బిళ్ళ చుట్టుకొలత చిన్నది. కాలర్ బక్రం పట్టీలు కోసి బిళ్ళకి వరసగా అతికిస్తూ పోయింది. టేపు కొసలు సరిగ్గా ముట్టుకునేదాకా లావు చేసి, అప్పుడు జిగురు పెట్టి టేపు అతికించింది. పైన తిరిగే బిళ్ళకి ఒక గుండుసూది గుచ్చింది. పెట్టె ఎటు తిరిగితే సూది అటు అంకె చూపిస్తుంది. ఎత్తు చూడటానికి గొట్టం పక్కన స్కూలు పిల్లల కోణమానిని అంటించి, దాని మధ్యనుంచి దారం వేలాడదీసి, దారం చివర బరువుకి కుట్టు మెషీన్ బాబిన్ కట్టింది. గొట్టం పైకెత్తితే దారం డిగ్రీ చెబుతుంది. దారపు కండె లోపలి అట్టగొట్టం ఒకటి తీసి, ఒక మూతికి నల్లదారం అడ్డంగా నిలువుగా లాగి, టెలిస్కోపు వీపున కట్టింది. చంద్రుణ్ణి ఆ దారాల మధ్యకి తెస్తే గొట్టంలోనూ మధ్యకే వస్తాడు. బల్లపరుపుగా ఉందో లేదో చూడటానికి సాసరులో నీళ్ళు పోసి పెట్టింది. నీళ్ళు ఒక అంచుకి చేరిన చోట కింద గుడ్డపీలికలు మడిచి దూర్చింది.

వాళ్ళాయన చూసి, "కోటు కుట్టావా దీనికి? కాజాలు నేను వెయ్యాలా?" అన్నాడు.

"నవ్వుకో. శనివారం తర్వాత నవ్వేది నేను."

పద్ధతి సులువే. దక్షిణాన చంద్రుడున్నాడు. ముందు చంద్రుణ్ణి గొట్టంలోకి తెచ్చి, సూది ఏ అంకె మీదుందో చూసుకోవాలి. చంద్రుడికీ బుధుడికీ మధ్య ఎన్ని డిగ్రీలో యాప్ చెబుతుంది. దాన్ని ఆరుతో భాగిస్తే అంగుళాలు. అన్ని అంగుళాలు పడమటికి తిప్పి, దారం చూసి ఎత్తు సరిచేస్తే, బుధుడు ఐపీసులో, అంటే కన్ను పెట్టి చూసే అద్దంలో, ఉండాలి.

లేడు.

మంగళవారం లేడు. బుధవారం లేడు. బుధవారమైనా కనిపించలేదేమే అని వాళ్ళాయన అన్నందుకు ఆవిడ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. సాసరు సరిచేసింది, దారం మార్చింది, గాలికి బాబిన్ ఊగుతోందని చుట్టూ అట్టపెట్టె అడ్డం పెట్టింది. గురువారం మబ్బు. శుక్రవారం ఆకాశం కడిగినట్టుంది, అయినా ఐపీసులో వట్టి నీలం, ఏ మచ్చా లేని నీలం. కాస్త అటూ ఇటూ జరిపి చూసింది. ఎంత జరపాలో తెలీక పెట్టెని విసురుగా తోసింది. ఇంతలో ఇళ్ళ నీళ్ళ ట్యాంకుల వెనక వెలుగంతా అయిపోయింది. ఆవిడ డాబా ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిచింది, మళ్ళీ నడిచింది. కింద వాటావాళ్ళు పైకి చూసి ఏమైందని అడిగారు. ఏం లేదంది.

శనివారం మధ్యాహ్నం బ్యాంకు క్లర్కు కోటు సరిచూసుకోవడానికి వచ్చాడు. ఆవిడ మనసు ఇక్కడ లేదు. కుట్లు వేసి నిలబెట్టిన కోటు తొడిగి, గుండుసూదులు పెడుతూ, గడియారం చూస్తోంది.

"నడుం దగ్గర పట్టేస్తోందమ్మా" అన్నాడు క్లర్కు.

"సోమవారం ఇచ్చిన కొలతేనండీ."

"నేనేం లావెక్కలేదు. ఊపిరి బిగబట్టి మాట్లాడుతున్నా, చూడు."

"ఐదు రోజుల్లో ఎక్కినా ఎక్కుతారు. బ్యాంకులో కూర్చునే ఉద్యోగం కదా" అన్నాడు వాళ్ళాయన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

ఆవిడ కొత్త టేపు తీసి క్లర్కు నడుం చుట్టూ వేసింది. సోమవారం రాసుకున్నదానికన్నా దాదాపు అర అంగుళం ఎక్కువ. మళ్ళీ కొలిచింది. అంతే. అంటే మనిషి లావెక్కలేదు. కొలిచింది పాత టేపుతో, కత్తిరించింది కొత్త టేపుతో. పాతది సాగింది.

టేపులు సాగుతాయని దర్జీకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే టేపంతా ఒకేలా సాగదు. ఏళ్ళ తరబడి తను వేళ్ళతో పట్టి బిగించి లాగింది ఎక్కడ? ఛాతీల దగ్గర, నడుముల దగ్గర. ఇరవై ఎనిమిది నుంచి నలభై రెండు దాకా. చివరి అంగుళాలు ఎవరి ఒంటి మీదా పడలేదు, కొత్తవాటిలానే ఉన్నాయి. డాబా మీద చంద్రుడి దగ్గర్నుంచి పడమటికి సూది నడిచేది సరిగ్గా ఆ ఇరవై ఎనిమిదికీ నలభై రెండుకీ మధ్యే. ఈ ఊరివాళ్ళ నడుములన్నీ కలిసి పడమటి దిక్కుని లాగి పెట్టాయి.

అర అంగుళమంటే మూడు డిగ్రీలు. ఐపీసులో కనిపించేది ఒక్క డిగ్రీ. తను రోజూ బుధుణ్ణి దాటేసి అవతల వెతుకుతోంది.

టేపు, మార్కింగ్ సుద్ద పట్టుకుని ఆవిడ మెట్లవైపు పరుగెత్తింది.

"ఏమమ్మా, కోటు?" అన్నాడు క్లర్కు.

"వచ్చేస్తుందండీ, కూర్చోండి" అన్నాడు వాళ్ళాయన. "వద్దు, కూర్చోకండి. వెనక సూదులున్నాయి."

పాత టేపు పీకి కొత్తది అతికించే వ్యవధి లేదు. జిగురు ఆరదు. చంద్రుడింకా లేత ఎండలో పాలిపోయి కనిపిస్తున్నాడు. దారాల మధ్యకి తెచ్చి, సూది ఉన్నచోట సుద్దతో గీత గీసింది. ఆ గీత దగ్గర కొత్త టేపు మొదలు ఆనించి, పాతదాని పక్కనే పరిచి, సాయంత్రానికి యాప్ చెప్పిన డిగ్రీలకి సరిపడే అంగుళాల దగ్గర ఇంకో గీత గీసింది. పాత టేపు చెప్పిన చోటికీ ఈ గీతకీ మధ్య వేలెడు సందు లేదు గాని, సందైతే ఉంది. సాయంత్రానికి చంద్రుడూ కదులుతాడు కాబట్టి ఆఖర్న ఇంకోసారి చెయ్యాలి. కిందికి దిగి, క్లర్కుని విడిపించి, నడుం వదులు చేసి ఇస్తానని చెప్పి, మళ్ళీ ఎక్కింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆవిడకే తెలీదు.

పొద్దు గూకుతుండగా అన్నయ్య వచ్చాడు. వ్యాను కింద ఆగింది.

"దొరికాడా?"

"మాట్లాడకు."

సూర్యుడు దిగేదాకా ఆగడమే ఆవిడకి అన్నిటికన్నా కష్టమైంది. చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది. వెలుగు పూర్తిగా కిందికి జారాక చంద్రుణ్ణి మళ్ళీ చూసి, కొత్త టేపు పరిచి, గీత దిద్ది, పెట్టె తిప్పింది. సూది గీత మీదికి వచ్చింది. దారం చూసి గొట్టం దించింది. ఐపీసుకి కన్ను ఆనించింది. నీలం. కొంచెం ఎడమకి జరిపింది.

నారింజ రంగు తిరుగుతున్న ఆకాశంలో సగానికి కోసిన చుక్క ఒకటి, చంద్రుడికి నకలులా, మసగ్గా వణుకుతూ ఉంది.

ఆవిడ ఐపీసు నుంచి కన్ను తీసింది. పక్కకి జరిగింది. అన్నయ్య ఆత్రంగా వంగాడు. ఎప్పుడూ తొణకని మనిషి. ఆయన భుజం గొట్టానికి తగిలి పెట్టె జానెడు తిరిగిపోయింది.

"ఏదే? ఏం లేదు."

"నువ్వే తోశావు."

"అయ్యో, నిజంగా ఉన్నాడా?" గొట్టాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "పోయాడే. ఇంత వెలుగులో ఇంక దొరకడు."

"జరుగు."

ఆవిడ ఐపీసులోకి చూడనే లేదు. కిందికి వంగి, ఇందాక దొరికిన చోటికి సూదిని తెచ్చింది. ఈ కాసేపట్లో దిగి ఉంటాడని దారం చూసి గొట్టాన్ని ఒక డిగ్రీ దించింది.

"ఇప్పుడు చూడు. చేతులు వెనక్కి పెట్టుకో."

అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచి, చెల్లెలి మొహం చూశాడు. తర్వాత కావాలనే పెట్టెని సగం చుట్టు తిప్పేశాడు.

"మళ్ళీ పెట్టు."

ఆవిడ మళ్ళీ పెట్టింది. మళ్ళీ చూశాడు. ఈసారి బుధుడు ట్యాంకు అంచుకి చేరాడు. అంచు తాకి, సన్నగిల్లి, పోయాడు.

కింద వ్యానువాడు హారన్ కొట్టాడు. అన్నయ్య పిట్టగోడ మీంచి వంగి, "నువ్వెళ్ళు బాబూ, ఇవాళ తీసుకెళ్ళేదేం లేదు" అన్నాడు. వ్యాను కదిలాక కూడా అక్కడే నిలబడ్డాడు.

"మరి బడికో?" అంది ఆవిడ.

"ఇంకో గాజు బిళ్ళ అరగదీస్తాను. పిల్లలకి ఇంత పెద్దది అక్కర్లేదు. కింద బిళ్ళ చుట్టూ పని మాత్రం నీది."

"ముందు దీనికి కొత్త టేపు వెయ్యాలి. అది అయ్యాక." ఆవిడ అప్పటికే పెట్టెని తూర్పుకి తిప్పుతోంది. "శని ఎక్కడున్నాడో చూడు ఫోనులో."

"ఇంకా చీకటి పడలేదు కదే. కాసేపు ఆగితే వాడే కనిపిస్తాడు."

"అక్కర్లేదు. నువ్వు అంకె చెప్పు."