మంటల ఎల్లప్ప

నారాయణఖేడ్‌లో ఫైరింజన్ లేని రోజుల్లో ఎల్లప్ప ట్యాంకరే ఫైరింజన్. మామూలు రోజుల్లో పెళ్లిళ్లకూ, ఇల్లు కట్టేవాళ్లకూ ట్రాక్టర్ మీద నీళ్లు తోలేవాడు. ఎక్కడైనా గడ్డివాము అంటుకుందని ఫోన్ వస్తే మాత్రం తింటున్న పళ్లెం ముందు నుంచి లేచిపోయేవాడు. స్నేహితులు యోసేపు, నాగయ్య వచ్చి ట్రాక్టర్ మడ్‌గార్డుల మీద కూర్చునేవాళ్లు. వాళ్లను పెట్టుకున్న సర్కారు లేదు, ఇచ్చిన యూనిఫారం లేదు. గేటుకు వేయగా మిగిలిన రంగుతో ట్యాంకర్‌ను ఎర్రగా పూసుకున్నారు, అంతే. కల్హేర్ నుంచి మనూరు దాకా జనం సెల్‌ఫోన్లలో అతని పేరు ‘మంటల ఎల్లప్ప’ అని ఉండేది. ఆదివారం చర్చిలో ప్రార్థన నడుస్తుండగా ఫోన్ మోగితే పాస్టరే వెళ్లమని సైగ చేసేవాడు. ఎల్లప్ప లేచి నడుస్తుంటే అందరూ తిరిగి చూసేవాళ్లు. నన్నడిగితే, ఆ మనిషి సగం బతికింది ఆ చూపుల కోసమే.

రెండేళ్ల కింద ఊళ్లోకి అసలు ఫైరింజన్ వచ్చింది. సైరనూ, నిచ్చెనా, మెలికలు పడని పైపులూ, నడపడానికి ఖాకీ బట్టల సంగమేశ్వరూ. ఎల్లప్ప కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆ డ్రైవర్ పేరు నోట పలకడానికి కూడా మనసొప్పక ‘ఎర్రబండోడు’ అనేవాడు, తన బండీ ఎర్రదేనని మర్చిపోయి. సైరన్ వినపడితే టీవీ సౌండు పెంచేవాడు. అతని ఫోన్ మోగడం తగ్గింది. మోగినా నీళ్ల కోసమే.

ఒక ఏప్రిల్‌లో ఫైర్ స్టేషన్ వాళ్లు జనాన్ని పిలిచి పైపు పట్టడం నేర్పారు. ఎల్లప్ప భార్య లిదియా కూడా వెళ్లింది. పైపు పట్టుకుని నవ్వుతున్న ఫొటోను ఆమె స్టేటస్‌లో పెట్టుకుంటే, చూసి ఎల్లప్ప ఆ పూట అన్నం ముట్టలేదు.

“మన పైపు ఎన్నడన్న పట్టినవా నువ్వు?” అన్నాడు.

“నువ్వెన్నడన్న పట్టనిచ్చినవా?” అంది లిదియా.

ఆ కోపం చల్లారకముందే యోసేపు, నాగయ్య స్టేషన్‌కు పోయి సాయం వస్తామని పేర్లు రాయించుకున్నారు. “నువ్వు పిలిస్తే నీతోని గూడ వస్తం తియ్,” అన్నాడు నాగయ్య. ‘గూడ’ అన్న ఆ ఒక్క మాట ఎల్లప్పకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది.

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, నిండు ట్యాంకర్‌తో అతను చౌరస్తాలో చాయ్ తాగుతున్నాడు. ఫైరింజన్ వచ్చి పక్కనే ఆగింది. వెనక నాగయ్య, యోసేపు దర్జాగా కూర్చుని ఉన్నారు. సంగమేశ్వర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“అన్నా, మనూరు దిక్కు లక్ష్మవ్వోళ్ల కొట్టం అంటుకున్నదట. కాల్వ బాటకెల్లి పోవచ్చునా? నువ్వు రోజు తిరుగుతవని నాగయ్య అంటుండు.”

కాలువ బాటలో బండ్లు దాటే మోరి ఒకవైపు కుంగింది. వారం కిందే ఎల్లప్ప కళ్లారా చూసి, అప్పటినుంచి తన ట్యాంకర్‌ను కంకర రోడ్డు మీదుగా చుట్టు తిప్పి తోలుతున్నాడు. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వెనక నాగయ్య కొత్త హెల్మెట్ సర్దుకోవడం కంటపడింది.

“దగ్గరైతే గదే,” అన్నాడు ఎల్లప్ప.

అందులో అబద్ధం ఏమీ లేదు మరి! ఫైరింజన్ సైరన్ వేసుకుని కాలువ బాట పట్టింది. ఎల్లప్ప చాయ్ గ్లాసు పడేసి కంకర రోడ్డు మీద ట్రాక్టర్‌ను ఉరికించాడు.

అనుకున్నట్టే ముందు తనే చేరాడు. మంట కొట్టం మీంచి ఇంటి కప్పు వైపు పాకుతోంది. ఊరివాళ్లు పైపు అందుకున్నారు. ఇల్లు దక్కింది. కొట్టం వైపు తిరిగేసరికి పైపు గాలి కక్కింది, ట్యాంకర్ ఖాళీ. ఇంకో బండెడు నీళ్లుంటే సరిపోయేది. లోపల లక్ష్మవ్వ సూడి బర్రె కట్టేసి ఉంది, వాకిలి నిండా మంటే. అది అరిచింది, చాలాసేపు అరిచింది. ఎల్లప్ప కాలువ బాట వైపే చూస్తూ నిలబడ్డాడు. సైరన్ వినపడలేదు. తర్వాత బర్రె అరుపూ ఆగిపోయింది.

లక్ష్మవ్వ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. “పెద్ద బండి వస్తదన్నరు, రాలే. నువ్వే ఒచ్చినవ్ బిడ్డా. ఎన్నటికైనా మాకు నువ్వే దిక్కు!”

ఊరంతా అతనివైపు తిరిగి చూసింది. రెండేళ్లుగా ఎదురుచూసిన చూపులే అవి. ఎల్లప్పకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఖాళీ ట్యాంకర్‌తో కాలువ బాటన వెనక్కి వచ్చాడు. ఫైరింజన్ ముందు చక్రం మోరిలోకి దిగబడి ఉంది. యోసేపు చక్రం కింద రాళ్లు పేరుస్తున్నాడు. నాగయ్య నుదుటికి తువ్వాలు అదుముకుని గట్టు మీద కూర్చున్నాడు, తువ్వాలుకు నెత్తురంటింది. ఎల్లప్ప ట్రాక్టర్‌కు గొలుసు తగిలించడం మొదలుపెట్టాడు.

“నువ్వన్న పోయినవ్, మంచిగైంది అన్నా,” అన్నాడు సంగమేశ్వర్. “గీ మోరి కుంగిందని ఎవ్వలికి ఎర్క లేకపాయె.”

ఎల్లప్ప చేతిలో గొలుసు ఆగింది.

“నాకెర్కనే సంగమేశ్వర్. వారం కిందనే చూసిన.”

ముగ్గురూ తిరిగి చూశారు.