ఫోర్కుకు కట్టిన కంకణం

మొన్న చెవి దవాఖానలో డాక్టరమ్మ రెండు వేళ్ల ఇనుప ఫోర్కును ఒకదాన్ని తట్టి, నా చెవి దగ్గర పెట్టి, వినిపిస్తోందా అని అడిగితే, జవాబు చెప్పకుండా పకపకా నవ్వేశాను. టీవీ సౌండు పెంచుతున్నానని రోజూ పోట్లాడి నన్నక్కడికి లాక్కెళ్లిన మావారు, చెవితోపాటు మతి కూడా పోయిందనుకున్నట్టున్నారు. అలాంటి ఫోర్కే ఒకటి, మా పెళ్లికి ముందు, నా మొదటి ఉద్యోగాన్ని ఊడగొట్టబోయిందని ఆయనకేం తెలుసు!

వరంగల్ పొలిమేరలో మొక్కజొన్నల నుంచి గంజిపిండి తీసే ఫ్యాక్టరీలో, మీటర్లు చూసుకునే పనికి, ఆరునెలలు పని చూసి ఖాయం చేస్తామన్న షరతు మీద చేరాను. ఆ విభాగంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి, ఎప్పుడు తప్పు చేస్తానా అని అందరూ నా వైపే చూసేవాళ్లు. అప్పటిదాకా పైపుల్లో పారే పిండిపాల చిక్కదనాన్ని బకెట్లో పట్టి, గాజు హైడ్రోమీటర్ వేసి చూసేవాళ్లం. కొత్తగా వచ్చిన సెన్సార్ అయితే పైన డబ్బా బయటే ఉన్నా, దాని రెండు వేళ్ల ఫోర్కు పైపులోపల సన్నగా వణుకుతూ, చుట్టూ పాలు చిక్కబడ్డ కొద్దీ వణుకు నెమ్మదించి, ఆ తేడానుబట్టి అంకె చూపిస్తుంది. దాన్ని సరిగ్గా పనిచేయిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని మేనేజరు గారు మాటిచ్చారు.

పైపులు బిగించేది వరంగల్ కాశిబుగ్గ నుంచి వచ్చే ఫిట్టరు, బాబాయి వరసన అందరం కాక అనేవాళ్లం. చేనేత ఇంట పుట్టినవాడు, నూలుకు గంజి పెట్టిన చేతులు, వేలు ముంచి చిక్కదనం చెప్పేవాడు. బిగించే ముందురోజు నీళ్ల బకెట్లో ముంచి చూస్తే సెన్సార్ ముత్యంలా సరైన అంకె చూపింది. మర్నాడు పొద్దున్నే, బుడగలు నిలవకుండా పాలు కిందినుంచి పైకెక్కే నిలువు పైపు చూపించి, నేను కంట్రోల్ రూముకు వైర్లు లాగడానికి పోతే, కాక దాన్ని బిగించేశాడు.

పంపు వేశాం. హైడ్రోమీటర్ ఒకటి చెబితే సెన్సార్ అంతకంటే ఎంతో ఎక్కువ చెబుతోంది. సాయంత్రం షిఫ్టు మారేలోగా రెండూ కలవకపోతే దాన్ని డబ్బాలో పెట్టి వాపసు పంపండి, ఆ అమ్మాయిని కూడా అని మేనేజరు గారు అనేసి వెళ్లారు. వైర్లన్నీ విప్పి మళ్లీ కలిపాను, మిషన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను, చివరికి పైపుల చాటున నిలబడి ఏడ్చాను కూడా. కాక బకెట్లో వేలు ముంచి, “పాలు ఎప్పటి లెక్కనే ఉన్నయి బిడ్డా, గీ మిషనే అబద్ధమాడుతాంది, ఫికర్ చెయ్యకు” అన్నాడు.

ఇక గత్యంతరం లేక పంపు ఆపించి, మేనేజరు గారి ముందే సెన్సార్‌ను బయటికి తీయించాను. ఫోర్కు ఒక వేలికి పసుపుతాడు, దానికి పసుపు కొమ్ము, చుట్టూ ముద్దకట్టిన పిండి! అంత బరువు మోస్తూ వణకలేక పాపం అది చిక్కదనం ఎక్కువని చెబుతోంది. కాక ముఖం పాలిపోయింది, అయినా వెనకడుగు వేయలేదు. “నేనే కట్టిన సార్. కొత్త మిషన్‌కు కంకణం కట్టొద్దా? పైన డబ్బాకు కడితే ఏం ఫాయిదా, దాని పాణం లోపల ఉన్నదని అండ్ల కట్టిన. బిడ్డ తప్పేం లేదు” అన్నాడు.

మేనేజరు గారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఫోర్కు కడిగించి, మళ్లీ బిగించి, పంపు వేస్తే రెండు అంకెలూ అచ్చంగా ఒక్కటే! ఆ తడి కంకణాన్ని ఆయనే పైన డబ్బాకు కట్టారు. అబ్బ, ఆ సాయంత్రం బస్సులో నిలబడే ఇంటికొచ్చాను, కాళ్ల నొప్పే తెలియలేదు.

ఆ తర్వాత తను పనిలో ఉన్నన్నాళ్లూ నేను పెట్టిన ప్రతి సెన్సార్‌కూ కాక కంకణం కట్టాడు, లోపల కట్టలేదు కదా అని నేను ప్రతిసారీ ఏడిపించాను. నేను రిటైరైన రోజున, నడవలేక నడుస్తూ వచ్చి, “మిషన్లకు కట్టిన గాని నీకెన్నడు కట్టకపోతి బిడ్డా” అని నా చేతికి పసుపుతాడు కట్టాడు. పోయినేడు కాక పోయాడు. ఇప్పటి పిల్లలు ఇంట్లో కూర్చునే ఫోనులో చిక్కదనం చూస్తున్నారట, సుఖమే, కాదనను, కానీ పాలల్లో వేలు ముంచేవాళ్లెవరూ లేరట.

డాక్టరమ్మ మళ్లీ అడిగితే వినిపిస్తోందమ్మా అన్నాను. ఆవిడ ఫోర్కును తుడిచి డబ్బాలో పెడుతుంటే చూశాను, దాని మీద ఒక్క దారప్పోగైనా లేదు, ఎంత బోసిగా ఉందో.