చౌకి దాటిన బోనం

ఖానామెట్ గుట్టల్లో రాయి కొట్టే ఎల్లేశానికి పని పోయిన ఏడాదే అతని భార్య కిష్టమ్మ అమ్మవారి బోనం ఎత్తడం మొదలుపెట్టింది. భక్తి ముదిరి కాదు, కడుపు కాలి. నిజాం రాజ్యం చివరి రోజులవి. అనుమతి చీటీ లేకుండా రాజ్యం పొలిమేర దాటి వచ్చినవాళ్లు సగం కూలికే సుత్తె పట్టారు. వాళ్లనీ అనడానికి లేదు, ఆకలి ఎవరిదైనా ఆకలే. బాగుపడ్డవాడు గుత్తేదారు ఒక్కడే.

వాళ్లు వచ్చిన దొంగదారినే గంజాయీ వచ్చేది. దాన్ని పట్నం చేర్చే పని కిరాణా కొట్టు లింగమూర్తిది. నుదుట విభూతి, నోట శివనామం. దారిలో సర్కారు తనిఖీ చౌకి ఉంది. అక్కడ బండి ఆపుతారు, మూట విప్పుతారు, ఆడవాళ్ల గంపల్లో చేయి పెడతారు. బోనం మాత్రం ముట్టరు. ఆ సంగతి కనిపెట్టిన లింగమూర్తి తెలివికి దండం పెట్టాలో చెప్పు తీయాలో తెలియదు.

కుండకు పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, అడుగున గంజాయి కుక్కి, ఆకు పరిచి, పైన బెల్లమన్నం పెట్టేవాళ్లు. మూత మీద దీపం వెలిగించి కిష్టమ్మ నెత్తికెత్తేవాళ్లు. చౌకి జవాను బాలనర్సయ్య భయభక్తులున్న మనిషి. కిష్టమ్మ కనబడగానే చెప్పులు విడిచి, ఆమె కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసేవాడు.

"మా పిల్లలను సల్లగ సూడు తల్లీ!"

మొదటిసారి ఆమె సిగ్గుతో కాళ్లు వెనక్కి తీసుకోబోయింది. తర్వాత అలవాటైంది. నీళ్లు చల్లగా ఉన్నాయనిపించేది, అంతే. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఎల్లేశమేమో లింగమూర్తి ఇచ్చిన గంజాయినే చిలుములో పీలుస్తూ గడపలో కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. పని పోయిన రాతిపనివాళ్లు చాలామంది అలాగే తయారయ్యారు.

సర్కారు మారింది గాని చౌకి మారలేదు, బోనాలూ ఆగలేదు. ఒకరోజు ఇదే పనికి కుదిరిన సక్కుబాయి చౌకి ముందే కాలు జారి పడింది. కుండ పగిలి గుట్టు బయటపడింది. బాలనర్సయ్య వాటా తిన్నాడన్నారు, కొలువు పీకేశారు. పాపం, ఆ అమాయకుడు తిన్నది ఏమీ లేదు. కబురు విన్న కిష్టమ్మ చెరుగుతున్న చేట పక్కన పెట్టలేదు.

ఆ శ్రావణంలో ఆమె కూతురు భూలక్ష్మికి అమ్మవారు పోసింది. పిల్లను వేపాకుల మీద పడుకోబెట్టి కిష్టమ్మ అత్త చంద్రమ్మ మొక్కుకుంది.

"ముత్యాలమ్మకు బోనం మొక్కిన కిష్టమ్మా. మైల తగలకుండ తీస్కపో. పిల్ల నిలుస్తది."

ముత్యాలమ్మ గుడి చౌకికి అవతల. కిష్టమ్మ తలారా స్నానం చేసి, కొత్త కుండలో అన్నం వండి నెత్తికెత్తుకుంది. చౌకి దగ్గర కొత్త జవాను అడ్డం నిలిచాడు. చేతిలో ఇనుప చువ్వ.

"దించు."

"అమ్మవారి బోనమయ్యా. బిడ్డకు పానం బాగలేదు."

"అందరు గదే అంటరు. దించు."

ఇది నిజం బోనమయ్యా అనే మాట నోటిదాకా వచ్చింది. మరి అబద్ధపు బోనాలు ఎవరు ఎత్తారని అడిగితే? దించింది. చువ్వ కుండ అడుగుదాకా దిగింది, అటూ ఇటూ తిరిగింది, మెతుకులతో పైకి వచ్చింది. జవాను దాన్ని గోడకు తుడిచాడు.

"పో."

మైలపడ్డ బోనం అమ్మ ముందు పెట్టకూడదు. కిష్టమ్మ గుడికి పోలేదు. అన్నం తుమ్మచెట్ల వెనక కుమ్మరించి ఇంటికి వచ్చింది.

"అమ్మకు వెట్టినవా బిడ్డా?"

"వెట్టిన అత్తా."

మరునాడు పొద్దెక్కాక భూలక్ష్మి పోయింది. చంద్రమ్మ గూట్లో పసుపు పూసి అమ్మవారిగా కొలిచే రాయిని తీసి వాకిట్లోకి విసిరేసింది.

"బోనం తిని గూడ నా బిడ్డను మింగినవు గదనే! ఇగ ఈ ఇంట్ల నీకు దీపం లేదు!"

కిష్టమ్మ చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. అమ్మవారు ఆ బోనం తినలేదని తెలిసింది ఆమె ఒక్కతెకే.