దూడ కడుపు కింది గుంట

మా ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు. పెళ్ళయిన కొత్తలో హోసూరు సంతలో మా పిన్నమ్మ ఎదురైతే పలకరించకుండా దాటిపోయి నా పరువు తీశాడు. అదే సంతలో ఎప్పుడో చూసిన ఎద్దును మాత్రం దూరం నుంచే గుర్తుపట్టి, దాని మచ్చ ఏ కొమ్ము కింద ఉందో చెప్పేవాడు. అటువంటి మనిషిని కట్టుకున్నాక ఇల్లంతా జంతువులతో నిండిపోయిందంటే ఆశ్చర్యమేముంది.

మత్తిగిరిలో పశువుల ఫారానికి కూతవేటు దూరంలో మా ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో బొమ్మల పని. ఆయన ఫారం కంచె పక్కన నిలబడి, తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళిన మట్టిముద్దతో ఆవునో గుర్రాన్నో అక్కడికక్కడే చేసేవాడు. ఇంటికి తెచ్చి మెరుగులు దిద్ది, దాని మీద ప్లాస్టర్ పోసి రెండు ముక్కల అచ్చు తీసేవాడు. ఆ అచ్చులో మట్టి అదిమి బొమ్మలు తీయడం మా అత్త పని. కుమ్మరి ఆవంలో కాల్పించి తెచ్చాక సొట్టలకు మక్కు పెట్టి, నునుపు చేసి, రంగులు వేయడం నా పని. సుద్దపొడిని చింతగింజల బంకతో కలిపి నూరితే మక్కు. మా ఇంట్లో అన్నం లేని పూట ఉందేమో గానీ మక్కు లేని పూట లేదు.

అచ్చు తీశాక ఆయన అసలు బొమ్మను ఉంచేవాడు కాదు. తొట్టినీళ్ళలో వేసి కరిగించి, ఆ మట్టితోనే ఇంకొకటి మొదలుపెట్టేవాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది.

"ఒగటన్నా పెట్టుకోవచ్చు గదా?" అని పోట్లాడేదాన్ని.

"అచ్చు ఉంది గదమ్మే. దీన్ని పెట్టుకుంటే ఇదే శానా బాగుందనుకుంటాను. ఇంగ చేతులాడవు."

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో ఆయన చేసిన ఆఖరి బొమ్మ, మెడ వెనక్కి తిప్పి తన వీపు తానే నాకుకుంటున్న దూడ. అచ్చు పోయడానికి పచ్చిబొమ్మను ఎత్తుతుంటే ఆయన బొటనవేలు దాని కడుపులోకి దిగబడింది. "వేలు పడింది సూడు," అన్నాను. "పడనీలేమ్మే. కడుపు కింద ఎవురు సూస్తారు?" అని అలాగే ప్లాస్టర్ పోసేశాడు. వెంట్రుకంత గీత ఉన్నా నిద్రపోని మనిషి ఆ మాట అన్నాడంటేనే నాకు తెలిసి ఉండాల్సింది. అప్పటికే కళ్ళు పచ్చబడ్డాయి. పసరుమందు పోయించాం, కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చాం. బతికి ఇంటికి రాలేదు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను. రాయబుద్ధి కూడా కాదు.

ఆ తర్వాత ఇంట్లో మిగిలింది నేనూ అత్తా. హోసూరు బజారులో మా బొమ్మలు అమ్మే శెట్టిగారు దసరా బొమ్మల కొలువులకు సరుకు కావాలని కబురు పెట్టాడు. ఏ పేరంటానికీ ఎవరూ పిలవని ఇద్దరు విధవలం కూర్చుని, ఊరందరి కొలువులకూ బొమ్మలు చేశాం. మేము రాకూడదట గానీ మా చేతి ఏనుగులు మాత్రం పైమెట్టు మీద నిలబడవచ్చట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన పోయాక మొదటిసారి ఆ దూడ అచ్చు తెరిచి దుమ్ము తుడుస్తుంటే నా వేలికి చిన్న బొడిపె తగిలింది. మట్టిలో పడిన గుంట అచ్చులో బొడిపె అవుతుంది కదా. వెలుగులోకి పట్టి చూశాను. దాని మీద ఆయన బొటనవేలి గీతలు, ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. షెడ్డు తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆయనది ఒకే ఒక ఫోటో ఉంది, పెళ్ళినాటిది. అందులో చేతులు కనబడవు. అందుకని అచ్చు తెరిచిన ప్రతిసారీ ఆ బొడిపెను ఒకసారి తాకేదాన్ని. అత్తకు చెప్పలేదు. చెబితే ఆమె ఇక ఆ అచ్చులో మట్టి అదమలేకపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఒక్కటీ నాకే ఉండాలని కూడా ఉండేది.

కానీ కడుపులో గుంట ఉన్న దూడను ఎవరు కొంటారు? నున్నటి చోట మక్కు నిలవదు. అందుకని కాల్చి తెచ్చిన ప్రతి దూడకూ ఆ గుంటలో చాకుమొనతో అడ్డంగా నిలువుగా గీరి, మక్కు కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్దేదాన్ని. ఆ దూడ ఎంత బాగా అమ్ముడుపోయిందంటే శెట్టిగారు ఏటా అదే అడిగేవాడు. అచ్చు అరగసాగింది. గీతలు మసకబారుతున్నాయి. ఈ దసరా సరుకు అయిపోగానే అచ్చును గుడ్డలో చుట్టి ట్రంకులో పెట్టేయాలని నిశ్చయించుకున్నాను.

సరుకు పూర్తయిందనగా రంగులు తేవడానికి కృష్ణగిరి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి షెడ్డు ఊడ్చి శుభ్రంగా ఉంది. అచ్చు రెండు ముక్కలూ ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. చెయ్యి అలవాటుగా ఆ చోటికి పోయింది. నున్నగా తగిలింది.

"అత్తా! ఈడుండే బొడిపె యాడ పోయింది?"

అత్త నవ్వుతూ వచ్చింది. "నేనే అరగదీసినానమ్మా, గరుకు కాగితం పెట్టి. దూడ దూడకీ ఆ గుంట గీరేది, పూడ్చేది, రుద్దేది! నీ వేళ్ళు ఎట్ల పగిలిపోయినాయో సూసుకున్నావా? ఇంగ నీకు ఆ పని లేదులే."

నా నోటికి అడ్డూ ఆపూ ఎప్పుడూ లేదు. "అది నీ కొడుకు వేలత్తా! మిగిలిందే అదొకటి, దాన్ని గూడా రుద్ది పారేస్తివే!" అని అరిచాను. వీధిలో వాళ్ళకు వినబడే ఉంటుంది.

"వాని వేలా?" అంది అత్త. అచ్చును ఒళ్ళో పెట్టుకుని ఆ చోటును అరచేత్తో నిమిరింది. తర్వాత నేల మీద వెతికింది. పొడి కూడా లేదు. ఆమే ఊడ్చి వీధిలో పోసింది.

ఆ తర్వాత మా మధ్య పనిమాటలు తప్ప లేవు. నా కోపమైతే తగ్గింది. నా వేళ్ళ మీద జాలితో చేసిన పనికి ఆమెను ఏమనగలను?

దసరా వెళ్ళి, ఊళ్ళో కొలువులు ఎత్తేశాక, ఒకనాడు పొద్దున్నే అత్త కొత్త ఏనుగుల జత బుట్టలో పెట్టుకుని హోసూరు వెళ్ళింది. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నానికి ఆ ఏనుగులను శెట్టిగారి భార్యకిచ్చి, వాటి బదులు పాత దూడను తెచ్చి నా ముందు పెట్టింది.

"శెట్టమ్మ కొలువులోది. వాడు పోయినాక మనం తీసిన మొదటి దూడ. మక్కు కింద గుంట అట్నే ఉంటాది గదమ్మా? నీళ్ళలో ఏస్తే మక్కు ఊరి వచ్చేస్తాది."

నాకు ఆ ఆలోచనే రాలేదు. గబగబా తొట్టిలో వేశాం. రంగులన్నిటికంటే చివర్న పెట్టిన కళ్ళు ముందు కరిగిపోయాయి. తర్వాత వీపు మీది గోధుమరంగు పోయింది. మక్కు మెత్తబడ్డాక చీపురుపుల్లతో మెల్లగా తీశాను.

గుంట ఉంది. ఆయన గీతలు లేవు. అడ్డంగా నిలువుగా చాకు గాట్లే ఉన్నాయి. మొదటి దూడ కదా, మక్కు ఊడకూడదని శ్రద్ధగా, లోతుగా గీరాను. ఊరిలో ఎన్ని దూడలున్నా అన్నిటిలోనూ ఇవే గాట్లు. ఆయన రెండోసారి పోయినట్టనిపించింది. దూడను గోడకేసి కొట్టబోయాను.

అత్త నా చేతిలోంచి దాన్ని లాక్కుంది. తన బొటనవేలు ఆ గుంటలో పెట్టింది. వేలు అందులో అటూ ఇటూ కదిలింది.

"మట్టి కాలితే కుంచించుకపోతాది గదమ్మా," అంది మెల్లగా. "అయినా సూడు, నా వేలికి ఇంకా వదులే."

ఆమె వేలు తీశాక నా వేలు పెట్టాను. నాకూ వదులే. ఆ ఒక్క దూడకు మేం మళ్ళీ మక్కు పెట్టలేదు.