నాకు నాలుగు వేలు, ఆమెకు ఆరు వందలు

ఎంటెక్ ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు నా ర్యాంకు కంటే ముందు నా క్లాస్‌మేట్ ర్యాంకు చూశాను. ఆమె దరఖాస్తు కూడా నేనే నింపిపెట్టాను కాబట్టి నంబరు నా దగ్గరే ఉంది. ఆమెకు ఆరు వందలు. నాకు నాలుగు వేల ఎనిమిది వందలు. ఆ ర్యాంకుకు నేను ఆశపడ్డ కాలేజీల్లో ఒక్కదాంట్లోనూ సీటు రాదు.

ఆమె సూరత్‌లో నాతో బీటెక్ చదివింది. వాళ్లూ తెలుగువాళ్లే. నాన్న హజీరా ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఇల్లు ఆల్థాన్‌లో. ఆమెకొక సొంత గది, దానికి ఏసీ. మాది లింబాయత్. గోడకు అవతలే మరమగ్గాలు. సాంచాలంటారు తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్లు. అవి ఆగిన రోజు చెవులు గుయ్యిమంటాయి. ఇదంతా ఓర్చుకున్నాను. కానీ మూడో సెమిస్టరు నుంచి ఆమెకు లెక్కలు నేర్పింది నేను. నా నోట్సే ఫొటోలు తీసుకుని చదివింది. ఆ లెక్కలు పరీక్షలో ఆమెకు గుర్తొచ్చి నాకు గుర్తురాకపోవడం ఏం న్యాయం? కడుపు మండిపోయింది. కంగ్రాట్స్ అని మెసేజ్ పెట్టి, పక్కన మూడు పువ్వులు కూడా పెట్టాను.

మా బాపు సాంచాల మీద డ్యూటీ దిగి వచ్చి, "ఎంతొచ్చింది బిడ్డా?" అన్నాడు.

"నాలుగు వేల ఎనిమిది వందలు."

"మరి ఆల్థాన్ పిల్లకు?"

"ఆరు వందలు."

ర్యాంకు అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. బాపు బతుకంతా మీటర్ల లెక్క. ఎక్కువ నేసినవాడే మొనగాడు. ఆయన ముఖం వెలిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారైనా ఆమె నాకంటే తక్కువ కావాలనిపించింది, మా వంటింట్లోనైనా సరే.

బాపు నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ముప్పై ఏళ్లు సాంచాల మధ్య అరిచి మాట్లాడిన గొంతు. పొద్దుగూకేలోపు నా నాలుగు వేల సంగతి గల్లీ అంతా తెలిసిపోయింది.

ఆదివారం ఆమె దూద్‌పేడాల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను మంచినీళ్లు తెచ్చేలోపే బాపు ఆమెను కూర్చోబెట్టి ఓదార్చడం మొదలుపెట్టాడు.

"తక్కువొచ్చిందని రంది పెట్టుకోకు బిడ్డా. ఆరు వందలంటే గదేం తక్కువ గాదు. మల్లొచ్చే ఏడు రాయి. మా బిడ్డ జర నేర్పుతది."

ఆమె నా వంక చూసింది. నా ర్యాంకు ఆమెకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయేది.

"సరే అంకుల్, తన దగ్గరే నేర్చుకుంటాను," అంది.

మొదటి పేడా తీసి నా చేతిలోనే పెట్టింది. పరువు తీసి ఉంటే ఆమెను హాయిగా ద్వేషించేదాన్ని. ర్యాంకు చాలలేదా, ఆ మంచితనం కూడా తనకే ఉండాలా? పేడాలు మాత్రం రెండు తిన్నాను.

ఆమె వెళ్లాక బాపు నవ్వుతూ అన్నాడు: "మంచి పిల్ల. నీకన్న తక్కువొచ్చినా మొఖంల జరంత కుళ్లు లేదు. నువ్వైతే గిట్ల ఉండకపోదువు."

నాకు ఏడుపొచ్చింది. ర్యాంకంటే ఏమిటో, అందులో చిన్న నంబరే ఎందుకు గొప్పో, నాకు సీటు ఎందుకు రాదో అన్నీ చెప్పేశాను. చెంప పగలగొడతాడనుకున్నాను. లేదంటే అయ్యో బిడ్డా అని తల నిమురుతాడేమోనని ఆశపడ్డాను.

బాపు లేచి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"ఏడికి బాపు?"

"ఆల్థాన్‌కు. మిఠాయి తెచ్చిన పిల్లను మంచిగ రాసినవ్ బిడ్డా అని ఒక్క మాటనకపోతి. మల్ల రాయమంటి."

ఆయన షేర్ ఆటో ఎక్కేదాకా గుమ్మంలోంచి చూశాను. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. ముందు ఆమె దగ్గరికే వెళ్లాడు. ర్యాంకు సంగతి అప్పుడు నాకు గుర్తే లేదు. మా బాపు కూడా ఆమెకే దక్కాడని కుళ్లుకున్నాను.