తెరలక్క మూసి కుట్టిన కార్డు

ఆస్పత్రిలో కుట్టుగది ఎక్కడని అడిగితే ఎవరైనా మెట్ల కిందికి చెయ్యి చూపిస్తారు. రెండు మిషన్లు, ఒక పొడవాటి బల్ల, ఆవిరిలో ఉడికి వచ్చిన దుప్పట్ల వాసన. ఇరవై రెండేళ్లు అక్కడ కూర్చుని కుట్టినావిడని నర్సులందరూ తెరలక్క అనేవాళ్లు. మంచానికీ మంచానికీ మధ్య వేలాడే తెరలన్నీ ఆమె చేతిమీదుగా వచ్చినవే.

గుడ్డ మడిచి కుట్టడం ఎవరికైనా వచ్చు. ఆమె మాత్రం అడుగు మడతలో సన్నటి గొలుసు పెట్టి కుట్టేది. "తెర అంటే మంచం పక్కన గోడమ్మా. పక్కవాళ్లు తుమ్మితే ఊగే గోడ ఎందుకు?" అనేది. రోగుల గౌన్లకీ అంతే. వెనకవైపు కట్టుకోడానికి రెండు నాడాలు చాలని కొలతల కాగితంలో ఉంది, మెడ దగ్గరొకటి, నడుం దగ్గరొకటి. తెరలక్క నడుముకి జానెడు కింద మూడోది కుట్టేది.

స్టోరు చూసే బాబాయి మొదట్లో గోల పెట్టాడు. "ఏమ్మా, ఈ నాడాలు పుట్టింటినుంచి తెస్తున్నావా? కాగితంలో రెండే ఉన్నాయి."

"కాగితం గౌను వేసుకుని నడవదుగా బాబాయ్. మీరొకసారి వేసుకుని ఆ వరండా చివరిదాకా వెళ్లి రండి. వెనకెవరు నవ్వారో నేను చెప్తాను."

బాబాయి మళ్లీ నాడాల ఊసెత్తితే ఒట్టు.

తెరలక్క తల మీంచి మెడ చుట్టూ తిప్పి, గడ్డం కింద ఒక పిన్నుతో ముసుగు కట్టుకునేది. ముప్పయ్యో ఏట మొదలుపెట్టిన అలవాటది. వాళ్లమ్మ వేసుకోమనలేదు. పోయిన భర్త వేసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒకే ఇంట్లో ఉండే వదినకి ఆ అలవాటే లేదు, "నాకు ఉక్క" అంటుంది. నమాజుకి మాత్రం ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మ, ఇదంతా ఎందుకక్కా అని అడిగింది. "ఆపరేషన్ గదిలో మీరు కళ్లు తప్ప అన్నీ కప్పుకుంటారు. నేనెప్పుడైనా అడిగానా?" అని నవ్వించి, నవ్వు తగ్గాక అంది: "వేసుకున్నది నేనమ్మా. తీస్తే నేనే తియ్యాలి."

కొత్త గుర్తింపు కార్డులొచ్చిన ఏడాది జరిగిందీ సంగతి. ఇక కార్డు చూపిస్తేనే గేటు మిషను తెరుచుకుంటుందన్నారు. ఫొటోలకి ఒక గది ఇచ్చారు, ఆడవాళ్ల కోసం ఓ మూల తెర కట్టారు, తెర లోపల కెమెరా పట్టుకుని ఓ అమ్మాయి. ముఖం కనిపిస్తే చాలు, ముసుగు ఉండొచ్చని నోటీసులోనే రాశారు. తెర తను కుట్టిందే కావడంతో తెరలక్క ధైర్యంగా కూర్చుంది. నుదురు కాస్త కనిపించాలక్కా అని ఆ అమ్మాయి అంటే, పిన్ను తీసి సర్దుకుంటోంది.

సరిగ్గా అప్పుడు, ఆస్పత్రులన్నిటి మీదా ఉండే పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. వెనకాల ఆయన మనుషులు నలుగురు.

"ఏంటమ్మా, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఒక్కో ఫొటోకి ఇంతసేపా?"

తెర రింగులు బరబరా జరిగాయి. ఆయన తెరలోపలికి వచ్చి, రెండు వేళ్లతో ముసుగు అంచు పట్టుకుని వెనక్కి లాగేశాడు. "ఇప్పుడు కనిపిస్తోంది మనిషి. కొట్టు ఫొటో." ఆ అమ్మాయి అదిరిపడి బటన్ నొక్కేసింది. వెనకున్న వాళ్లలో ఎవరో నవ్వారు. ఎవరో తెరలక్కకి తెలీదు. "చూడాలంటే తలెత్తాలిగా" అంటుంది.

సాయంత్రానికి అదే ఫొటోతో కార్డు చేతికొచ్చింది. నెరిసిన పాపిట, చెదిరిన జుట్టు, కుడి మూలన రెండు వేళ్లు, వాటిలో ఒకదానికి ఎర్రరాయి ఉంగరం. కెమెరాలో ఉన్న కాపీని మాత్రం ఆ రోజే ఎవరో తుడిచేశారు.

ఆ కార్డుని వదినకి కూడా చూపించలేదు. ఆపరేషన్ గది తెల్లగుడ్డ ముక్క తెచ్చి, మధ్యలో కార్డు పెట్టి, నాలుగువైపులా కుట్టేసింది. గోరుకి కూడా దొరకని కుట్టు. మర్నాడు గేటు దగ్గర కాపలా అతను ఇబ్బందిగా నవ్వాడు. "నువ్వెవరో నాకు తెలుసక్కా. ఈ మిషనుకే తెలీదు." కొత్త కార్డు కావాలంటే పాతది ఆ అధికారి ఆఫీసులోనే అప్పగించాలట. అప్పగిస్తే ఇక సాక్ష్యం ఉండదు. చూపిస్తే మానం ఉండదు. తెరలక్క వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. ఇరవై రెండేళ్ల పని ఆ గేటు దగ్గరే ఆగిపోయింది.

ఫిర్యాదు రాస్తుంటే వదిన తలుపుకి ఆనుకుని చూసింది. "పొట్టేలు వెళ్లి కొండని ఢీకొట్టిందట. కొండకేం, పొట్టేలుకే బొప్పి."

"ఆయన ఉద్యోగం పీకమని రాయడంలేదు వదినా. లాగింది నేనే అని ఆ నోటితో అనాలి. అంతే."

"అంతేనా? అదేదో చిన్న కోరికైనట్టు."

మూడు నెలలకి విచారణ పెట్టారు. బల్లకి అటు నలుగురు మగవాళ్లు. మధ్యలో కూర్చున్న విచారణాధికారి పెద్ద వయసాయన, మాటకి ముందు 'అమ్మా' అనే మనిషి. పెద్ద అధికారి రాసిచ్చిన జవాబు చదివారు: నేను తెరలోపలికే పోలేదు, ఫ్యాను గాలికి తెర తొలగింది, అదే గాలికి ముసుగు జారింది. కింద సాక్షిగా కెమెరా అమ్మాయి సంతకం.

"ఆ తెర తెప్పించండి. ఫ్యానూ తెప్పించండి" అంది తెరలక్క.

స్టోరు బాబాయే తెరని భుజాన వేసుకొచ్చి కిటికీకి కట్టాడు. ఫ్యాను పెద్దగా తిప్పారు. బల్ల మీది కాగితాలు లేచాయి, విచారణాధికారి కళ్లజోడు తాడు లేచింది, కాగితాల వెంట గుమాస్తా పరిగెత్తాడు. తెర మాత్రం ఉన్నచోటే ఉంది. "ఎన్నేళ్లనుంచో చూస్తున్నానండి. ఆ తెర కుట్టినావిడ మాటే వినదు, ఫ్యాను మాట వింటుందా?" అన్నాడు బాబాయి.

విచారణాధికారి మూతి బిగించి నవ్వాపుకున్నాడు. "సరేనమ్మా, తెర ఎవరో లాగారు. ముసుగు సంగతి తేలాలంటే ఆ కార్డు మాకు చూపించాలి."

"ఒక్క ఆడమనిషి చూసి మీకు చెప్తే చాలదా అండీ?"

"అలా నిబంధన లేదమ్మా."

"ఆయన లాగింది నలుగురు మగవాళ్ల ముందు. అది నిజమని చెప్పడానికి ఇంకో నలుగురి ముందు నా ముసుగు నేనే లాక్కోవాలా?"

విచారణాధికారి ఫైలు మూశాడు. పదిరోజులకి కాగితం వచ్చింది. తెర చేత్తో లాగినమాట నిజం, ఎవరు లాగారో తేలలేదు, ముసుగు విషయంలో ఫిర్యాదుదారు ఆధారం సమర్పించలేదు. తెరలక్క దాన్ని రెండుసార్లు చదివి పైవాళ్లకి ఇంకో అర్జీ రాసింది. అడిగింది ఒకటే: చూడటానికి ఆడమనిషిని పెట్టండి.

ఇంట్లో పాత మిషను ముందుకి లాగి పక్కింటివాళ్లకి దిండుగలేబులు కుట్టేది. అన్నం కలిపి, తినకుండా కూర్చునేది. వదిన వేళాకోళాలు మానేసింది. తెరలక్కకి అన్నిటికంటే భయం వేసింది అది చూసే.

ఒక మధ్యాహ్నం కెమెరా అమ్మాయి వచ్చి గడపలో నిలబడింది.

"ఇన్నాళ్లకి నోరు వచ్చిందా తల్లీ?" అంది వదిన.

"ఆ ఫ్యాను కాగితం మీద సంతకం నాదే అక్కా."

"తెలుసు. ముందు కూర్చో, మంచినీళ్లు తాగు" అంది తెరలక్క.

ఆ అమ్మాయి చూసింది చూసినట్టు రాసిచ్చింది. నెల తిరక్కుండా, నీ పని ఇక అక్కర్లేదని ఇంటికి పంపేశారు. ఆ కబురు తెలిసిన రోజు తెరలక్క కార్డు ఉన్న తెల్లసంచీని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తనకి జరిగిన రోజు కూడా అంత ఏడవలేదని వదిన అంటుంది.

మొత్తం పద్నాలుగు నెలలకి ఒక మహిళా అధికారిని పంపారు. మళ్లీ అదే గది. పెద్ద అధికారి ఎదురుగా కూర్చున్నాడు. తెరలక్క చిన్న కత్తెర తీసి ఒక పక్క కుట్టు విప్పింది. మహిళా అధికారి కార్డు బయటికి లాగి, ఊపిరి తీసి వదిలేంతసేపు చూసి, బోర్లా పెట్టేసింది.

"ఎర్రరాయి ఉంగరం మీదేనా?"

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. ఉంగరం వేలికే ఉంది. "ఏదో సరదాకి..."

"సరదా సంగతి తర్వాత. లాగింది ఎవరు?"

ఆయన ఉంగరం ఉన్న చెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు. "నేనే" అన్నాడు. గుమాస్తా ఆ ఒక్క మాటా టైపు చేశాడు.

తెరలక్కకి కావాల్సింది అదే. కానీ ఆ మాట వినగానే బరువు దిగుతుందని ఇన్నాళ్లూ అనుకుంది, దిగలేదు. ఆయన నెలాఖరుకి రిటైరవుతున్నాడు కాబట్టి ఫైల్లో మందలింపు రాయడం తప్ప ఏమీ చెయ్యలేమని మహిళా అధికారి తల వంచుకుని చెప్పింది. కెమెరా అమ్మాయిని మళ్లీ తీసుకోమని రాస్తాననీ, తీసుకుంటారని మాట ఇవ్వలేననీ చెప్పింది. ఇంకోమాట చెప్పడానికి మరీ ఇబ్బంది పడింది. "ఈ కార్డు మీకు తిరిగి ఇవ్వలేనమ్మా. సాక్ష్యం కదా, ఫైల్లోనే ఉండాలి."

"ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందండీ?"

ఆవిడ వేళ్లమీద లెక్కపెట్టి, మధ్యలో ఆపేసింది.

"అయితే ఒక సూది దారం పని" అంది తెరలక్క. బ్యాగులోంచి తీసి, బోర్లా ఉన్న కార్డుని అలాగే సంచీలోకి జరిపి, విప్పిన పక్కని కుట్టడం మొదలుపెట్టింది. పెద్ద అధికారి కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాడు.

"కూర్చోండి. కుట్టు పూర్తవ్వనివ్వండి" అంది మహిళా అధికారి.

ఆయన కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. ఒకచోట దారం తప్పింది, అది విప్పి మళ్లీ కుట్టింది. ముడి లోపలికి తోసి, దారం పంటితో కొరికి, సంచీని ఫైలు మీద పెట్టింది.

కొత్త కార్డు వచ్చింది, ముసుగుతో. గేటూ తెరుచుకుంది. తను లేనన్నాళ్లూ ఎవరో కాగితం ప్రకారం రెండే నాడాలతో గౌన్లు కుట్టి గుట్టగా పోశారు. ఒక్కొక్కటీ తీసి మూడోది కుడుతోంది. కెమెరా అమ్మాయికి ఇంకా పిలుపు రాలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి కుట్టు నేర్చుకుంటోంది.

"గెలిచావుగా, మొహం అలా పెడతావేం?" అంటుంది వదిన.

"గెలిచాను వదినా. కానీ నేనింకా ఆ ఫైల్లోనే ఉన్నాను."

తన కుట్టు తనకి తెలుసు. ఎవరైనా విప్పి మళ్లీ కుడితే, ఎంత పనివాళ్లైనా సరే, చూడగానే పట్టేస్తుంది. ఆ ఫైలు మాత్రం ఆమెకి మళ్లీ ఎవరూ చూపించరు.